బోరు నీళ్లు తాగిన కారు

మా బందరులో నీళ్లకీ హోదాలున్నాయి. కొనుక్కునే టిన్ను నీళ్లు తాగడానికి, కాఫీకి, పప్పుకి. బోరు నీళ్లు మిగతా అన్నిటికీ. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కొత్త బకెట్టు ఏడాది తిరిగేసరికి సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. సముద్రం ఊరికి కాస్త దూరంలో ఉందని అంటారు గానీ, నేల కింద అది ఎప్పుడో మా పెరటి దాకా వచ్చేసింది. అందుకని ఎవరికి ఏ నీళ్లు, దేనికి ఏ నీళ్లు అన్నది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. టిన్ను ఎత్తి బిందెలో వంపేటప్పుడు నాలుగు చుక్కలు కింద పడితే ప్రాణం ఉసూరుమంటుంది. బోరు పంపు పొద్దస్తమానం కారుతున్నా ఎవరూ లేచి కట్టరు.

ఈ పద్ధతి ప్రకారం మా కారుకి బోరు నీళ్లు. ఎనిమిదేళ్ల క్రితం సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, మూత తీసి, తులసి మొక్కకి పోసినంత శ్రద్ధగా ఒక చెంబు పోసేవాణ్ణి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. నీటికి విశిష్టోష్ణం ఎక్కువ, అందుకే కారు రేడియేటర్లలో దాన్ని వాడతారు అని ముప్ఫయ్యేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. ఏ నీటికి అన్నది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకంలో లేదు, పరీక్షలో రాదు.

అది తప్పని ఒకే ఒక్క మనిషి నాకు మొదటి రోజే చెప్పాడు. మా ఆవిడ తమ్ముడు. గుడివాడలో మెకానిక్ షెడ్డు ఉంది. నందివాడ వైపు ట్రాక్టర్లన్నీ అతని దగ్గరికే వస్తాయి. నాగాయలంక రొయ్యల చెరువుల వాళ్లు కూడా ఇంజన్లు లారీకి ఎత్తించి అంతదూరం మోసుకొస్తారు. కారు కొన్న వారంలోనే, ఎవరూ పిలవకుండానే, ఓ ఎండాకాలం ఆదివారం బందరు వచ్చి దాని కింద దూరాడు. మధ్యాహ్నం దాకా బ్రేకులు చూశాడు, ఆయిల్ మార్చాడు, చివరికి నా చేతిలో చెంబు చూసి ఆగాడు.

"బావగారూ, దీంట్లో బోరు నీళ్లు పొయ్యకండి. లోపల తినేస్తాయి. కూలెంట్ అని వస్తుంది, అది పోస్తే బండి చల్లగా ఉంటుంది."

అప్పుడు మా పక్కింటి ఓవర్సీరు గారు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇరిగేషన్ శాఖలో రిటైరైన మనిషి. ఆయన ముందర, గుడివాడ షెడ్డు నుంచి వచ్చినవాడు నాకు వేడి గురించి పాఠం చెప్పడం నాకు నచ్చలేదు.

"నువ్వు ఎన్నో క్లాసు దాకా చదివావోయ్?" అన్నాను.

ఓవర్సీరు గారు నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత కాసేపటికి కారు కింద నుంచి లేచి, మోచేతుల దాకా గ్రీజుతో, "కాసిని మంచినీళ్లు ఇప్పించండి బావగారూ" అన్నాడు. నేను పేపరు చదువుతున్నాను. తల ఎత్తకుండా, "అదిగో, పంపు అక్కడుంది" అన్నాను. అతను వెళ్లి దోసిలి పట్టి ఆ బోరు నీళ్లే తాగాడు. మా ఆవిడ లోపల్నుంచి నిమ్మకాయ షర్బత్తు గ్లాసుతో వచ్చేసరికి మూతి తుడుచుకుంటూ, "తాగేశానక్కా" అని బండెక్కి వెళ్లిపోయాడు.

చేతులకి గ్రీజు ఉంది కదా, ముందు కడుక్కుంటాడని పంపు చూపించాను. ఎనిమిదేళ్లుగా మా ఆవిడకీ, నాకూ నేను చెప్పుకున్న మాట ఇదే. ఆవిడ ఒక్కసారి కూడా అవునని గానీ కాదని గానీ అనలేదు. అది ఒప్పుకోవడమే అనుకున్నాను.

ఆ తర్వాత గొడవలేమీ లేవు. పండగలకి ఫోన్లు చేస్తాడు, "బావగారు బాగున్నారా" అని అడుగుతాడు. మా గుమ్మం మాత్రం తొక్కలేదు.

అలాంటిది, ఈ ఏడాది అతనూ భార్యా మా ఇంటికి వచ్చారు. షెడ్డు వెనకాల రెండంతస్తుల ఇల్లు కట్టాడట, గృహప్రవేశం. ఎన్నో క్లాసు చదివావని అడిగిన నేను ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నానన్న సంగతి ఇక్కడ రాయడం అనవసరం. ఆ అమ్మాయి లోపలికి వచ్చి మా ఆవిడకి బొట్టు పెట్టి, "వదినగారూ, అన్నయ్యగారూ, తప్పకుండా రావాలి. ఆడపడుచు చేతి మీదుగా పాలు పొంగాలి కదండీ" అని పిలిచింది. అతను గేటు దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రారా," అంది మా ఆవిడ.

"ఇంకా పది ఇళ్లు తిరగాలక్కా."

"మంచినీళ్లన్నా తాగు."

"దాహంగా లేదక్కా."

దాహంగా లేని మనిషి చూపు నా కారు కిందకి పోయింది. అక్కడ అరచేతంత తడి ఉంది. వంగి చూసి లేచాడు. "బావగారూ, రేడియేటర్ కారుతోంది. ఒకసారి షెడ్డుకి తీసుకురండి, మార్చేస్తాను."

"నేను చూసుకుంటాలే," అన్నాను.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ చాలాసేపు ఆ కుంకుమ బొట్టుతో అలాగే గుమ్మంలో కూర్చుంది. "ఎనిమిదేళ్లకి వచ్చాడండీ వాడు. వాడికి ఉన్నది నేనొక్కదాన్నే. ముహూర్తానికి నేను లేకపోతే ఇంకెవరిచేతో పొంగించేస్తారు. ఆలస్యంగా వెళ్తే కావాలనే వెళ్లామనుకుంటాడు. ఇంక జన్మలో మన గేటు దగ్గరికి కూడా రాడు" అంది. ముహూర్తం ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర దాటాక. "మొదటి బస్సుకి పోదామండీ, గొడవుండదు" అని కూడా అంది.

కారుండగా బస్సులో దిగడమా? మెకానిక్కు బావమరిది ఇంటికి, వాడి షెడ్డు మనుషులందరి ముందు? ససేమిరా అన్నాను. పోనీ కారు బాగు చేయించండి అంటే, బందరులో మెకానిక్కులు లేక కాదు. ఇక్కడ ఏ షెడ్డులో బానెట్ ఎత్తినా ఆ కబురు సాయంత్రానికల్లా గుడివాడ చేరుతుంది. వాళ్లదంతా ఒక కులం లాంటిది, ఒకరి పానా ఒకరు అడిగి తెచ్చుకుంటారు. "మీ బావగారి రేడియేటర్ మేం మార్చాం" అని వాళ్లు చెప్పడం, "నేను ముందే చెప్పాను" అని అతను మనసులో అనుకోవడం, అది నాకు అక్కర్లేదు. అందుకని రేడియేటర్ నేనే మార్చాలని నిశ్చయించుకున్నాను. ఫోనులోనే కొత్తది తెప్పించాను. శుక్రవారం అట్టపెట్టెలో వచ్చింది.

ఆ వారమంతా ఫోనులో వీడియోలు చూశాను. అందులో తెల్లదొర ఒకడు, మన వంటింటి కన్నా శుభ్రంగా ఉన్న గదిలో, చేతికి మసి అంటకుండా పన్నెండు నిమిషాల్లో రేడియేటర్ తీసి పెట్టేస్తాడు. చూస్తుంటే పచ్చడి జాడీ మూత మార్చినంత తేలిక. వాడి కారుకి బోల్టులు తుప్పు పట్టి ఉండవు. బందరు గాలికి గేట్లు, ఫ్యాన్లు, సైకిళ్లు, చివరికి కళ్లజోడు మరలు కూడా తుప్పు పడతాయని ఆ దొరకి ఎవరు చెబుతారు?

శనివారం పొద్దున్నే టిఫిన్ తిని రంగంలోకి దిగాను. మొదటి బోల్టుకి కొబ్బరినూనె పోసి, పదో నంబరు పానా పెట్టి, ఒక గంట కుస్తీ పట్టాను. అది వదల్లేదు, దాని తల వదిలేసింది. అప్పటికి ఓవర్సీరు గారు తన కుర్చీ తనే మోసుకొచ్చి, గోడ నీడలో వేసుకుని స్థిరపడ్డారు.

"ఏం మాస్టారూ, స్వయంగానే?"

"చిన్న పనికి ఎవర్ని పిలుస్తామండీ."

"నన్ను అడగండి. ముప్ఫయ్యేళ్లు కాలవ గట్ల మీదే బతికాను. కారేదాన్ని ఆపడమే కదండీ నా సర్వీసంతా."

ఆయన సర్వీసులో ఆయన చేతులతో తట్టెడు మట్టి ఎత్తి ఉండరు. అయినా సలహా ఇవ్వడానికి చేతులతో పనేముంది? నేను కింద పడుకుని పైపు లాగుతుంటే ఆయన కుర్చీలోంచి "ఎడమకి, ఇంకొంచెం ఎడమకి" అనేవారు. ఎవరి ఎడమకో చెప్పేవారు కాదు. కింది పైపు ఊడిరాగానే, లోపల మిగిలిన నీళ్లు నా ముఖం మీద పడ్డాయి. ఆ నీళ్ల రంగు చూస్తే ఎనిమిదేళ్ల నా సేవ అంతా అందులో కనిపించింది. ఇటుకపొడి కలిపిన మజ్జిగలా ఉన్నాయి. నోట్లోకి పోయిన చుక్క ఉప్పగా ఉంది.

ఫ్యాను విప్పి, నాలుగు బోల్టులకీ తలలు పగలగొట్టి, మధ్యాహ్నం రెండింటికి పాత రేడియేటర్ని బయటికి లాగాను. గోడకి ఆనిస్తే దాని రెక్కలు పొడిపొడిగా రాలాయి. పక్కనే కొత్తది పెట్టి చూస్తే మెరుస్తోంది. నాకు ఛాతీ పొంగింది. మా ఆవిడని పిలిచి రెండూ చూపించాను.

"బాగుంది. అన్నం తిని చేసుకోండి," అంది. ఆవిడ చేతిలో పెద్ద పసుపు పొట్లం ఉంది. తమ్ముడి ఇంటి గడపలకి పూయడానికని కొమ్ములు తెచ్చి, ఎండబెట్టి, దగ్గరుండి మిల్లు పట్టించింది. కొట్టు పసుపు పుట్టింటి గడపకి పనికిరాదట. దాన్నీ, పాలు పొంగించడానికి కొన్న కొత్త ఇత్తడి గిన్నెనీ సంచిలో సర్దుతోంది.

సాయంత్రానికి కొత్త రేడియేటర్ కూర్చుంది. బిగించడం విప్పడం కన్నా సులువు. వీడియోలో దొర కూడా అదే మాట అన్నాడు కాబట్టి నేను ఆగలేదు. ఇక నీళ్లు.

"టిన్ను నీళ్లు పొయ్యండి," అంది మా ఆవిడ వంటింటి కిటికీలోంచి. "ఒక టిన్ను పూర్తిగా ఉంది."

"తాగే నీళ్లు ఎవరన్నా ఇనుముకి పోస్తారా?" అని గట్టిగా నవ్వాను. ఓవర్సీరు గారు కూడా నవ్వారు. "మరి కూలెంటో ఏదో పొయ్యమని తమ్ముడు చెప్పాడుగా" అంటే, "అదంతా రంగు నీళ్ల వ్యాపారం. నీ తమ్ముడికి తెలియదు, నాకు తెలుసు" అన్నాను. పంపు దగ్గర బకెట్టు నింపి, బోరు నీళ్లే పోశాను.

పోసిన నీళ్లు పైనుంచి వెళ్లి కిందనుంచి రావడం మొదలుపెట్టాయి. అడుగున నీళ్లు వదిలే మరబిరడా దగ్గర ఒక చుక్క, ఆగి, ఇంకో చుక్క. బిగించాను. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది గానీ ఆగలేదు. ఇంకా బిగిస్తే ప్లాస్టిక్కు విరుగుతుందేమోనని భయం. అట్టపెట్టెలో వచ్చిన చిన్న రబ్బరు వాషరు దాని కిందే పెట్టాలట. ఆ వాషరు ఉన్న చిన్న కవరుని పొద్దున్నే థర్మాకోల్‌తో సహా చెత్తలో వేశానని నాకు అప్పటికి తెలియదు.

"గండి పూర్తిగా పూడలేదు," అన్నారు ఓవర్సీరు గారు, డెల్టా అంతటికీ ప్రమాదం వచ్చిన గొంతుతో. "కాలవకైతే వరిగడ్డీ బంకమన్నూ వేసి తొక్కేవాళ్లం. దీనికి గడ్డి వెయ్యలేం కదండీ. పసుపు వెయ్యండి. మా డిపార్టుమెంటు జీపుకి అదే వేసేవాళ్లం. రెండు చెంచాలు చాలు, చిల్లులో చేరి గట్టిపడి ఊరుకుంటుంది."

నేను వంటింట్లోకి వెళ్లాను. పోపుల డబ్బాలో పసుపు అడుగంటింది. సంచిలో పొట్లం కనిపించింది. అంత పొట్లంలో రెండు చెంచాలు పోతే ఎవరికి తెలుస్తుంది? రెండు చెంచాలకి ఆగేది నాలుగింటికి ఇంకా బాగా ఆగాలి కదా, పదింటికి అసలు తిరుగే ఉండదు. ఇది అనుపాతం, ఏడో తరగతి లెక్క. పొట్లం సగానికి దిగింది. సంచిలో పైన చీర కప్పేసి వచ్చాను.

పది నిమిషాల్లో చుక్క ఆగిపోయింది. ఓవర్సీరు గారు తన సర్వీసులో పూడ్చిన గండ్లన్నీ మళ్లీ చెప్పారు. నేను ఆ సాయంత్రం గర్వంతో స్నానం చేశాను. నురగ రాని సబ్బు కూడా ఆ రోజు వచ్చినట్టే అనిపించింది.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాం. మా ఆవిడ మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుని, ఇత్తడి గిన్నెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను తెల్ల పంచె, లాల్చీ. పెడన దాటేదాకా రాజ్యం ఏలుతున్నట్టే ఉంది. "చూశావా, చప్పుడన్నా వస్తోందా?" అని రెండుసార్లు అన్నాను. "రావట్లేదండీ" అంది ఆవిడ, సంతోషంగానే. తమ్ముడి ఇంట్లో ఎవరెవరు వస్తారో, పాలు ఏ వైపు పొంగితే మంచిదో చెబుతోంది. ఆ రోజు పొద్దుటంత హుషారుగా ఆవిడని చూసి చాలాకాలమైంది.

కవుతరం దగ్గరికి వచ్చేసరికి వేడి ముల్లు లేచింది. నేను చూడనట్టు నటించాను. కవుతరం దాటాక అది ఎర్ర గీత ఎక్కి కూర్చుంది. బానెట్ సందుల్లోంచి పొగ. కాలవ గట్టు పక్కన ఆపి దిగానో లేదో, రేడియేటర్ మూత దగ్గర్నుంచి బుస్సున పసుపు నీళ్లు పైకి చిమ్మాయి. నా తెల్ల పంచె పెళ్లికొడుకు పంచె అయింది. గట్టంతా పులిహోర కలిపిన వంటిల్లులా వాసన.

మా ఆవిడ దిగి ముక్కు ఎగబీల్చింది. "పసుపు వాసన వస్తోందేంటండీ?"

నేను కాలవ వైపు చూశాను. ఆవిడ వెనక సీట్లో సంచి తీసి, చీర జరిపి, పొట్లం పైకి ఎత్తి చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. నా పెళ్లయ్యాక ఆవిడ నన్ను తిట్టిన సందర్భాలు లెక్కకు మించి ఉన్నాయి. ఆ పొద్దున మాత్రం ఒక్క తిట్టూ రాలేదు.

"అది మా తమ్ముడి గడపకి తెచ్చిన పసుపండీ," అంది.

అప్పటికి ఏడుంబావు. గుడివాడ ఇంకా చాలా దూరం. "చల్లారనీ, పది నిమిషాల్లో బయల్దేరదాం" అన్నాను. ఆవిడ వినలేదు. ఒక చేతిలో ఇత్తడి గిన్నె, ఇంకో చేతిలో సగం పొట్లం ఉన్న సంచి పట్టుకుని రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడింది. బందరు నుంచి వచ్చే బస్సు, ఆ పట్టుచీరని చూసో, ఆ ముఖం చూసో, ఆగింది. మొదటి బస్సు కాదది. మొదటి బస్సుకి పోదామన్న మనిషిని రెండో బస్సో మూడో బస్సో ఎక్కించాను. మెట్టు మీద నిలబడి, "మీరు దాన్ని చల్లార్చుకుని నిదానంగా రండి" అంది. బస్సు వెళ్లిపోయింది.

రెంటికి చెడ్డ రేవడినై గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా కాలవ నిండా కృష్ణ నీళ్లు, తియ్యటివి, పారుతున్నాయి. పసుపు మరకల పంచెతో దిగి తాగడానికి మనసు రాలేదు. తాగే నీళ్ల సీసా మా ఆవిడ సంచిలో వెళ్లిపోయింది. దారిన పోయేవాళ్లు బండి ఆపి, "ఏమైందండీ, బండికి పసుపు ఎక్కువైందా?" అని అడిగి పోతున్నారు. ఎనిమిదిన్నర అయింది. ఫోను చేద్దామని తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆవిడ చేరిందో లేదో అడిగే ధైర్యం రాలేదు. చేరకపోతే నేను ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్తాను? ముప్ఫయ్యేళ్లు కాపురం చేసిన మనిషికి తమ్ముడొక్కడే ఉన్నాడు, వాడి గడప దగ్గరికి వెళ్లే దారిని నేను మూశాను. మొదటిసారి నోటితో మూశాను, రెండోసారి పసుపుతో. ఎండ ఎక్కుతోంది. గొంతు ఎండిపోయి, నాలిక అంగిలికి అతుక్కుంటోంది.

తొమ్మిదిన్నర దాటాక గుడివాడ వైపు నుంచి ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, చేతికి కంకణం, నుదుట బొట్టు, భుజాన పనిముట్ల సంచి. తన ఇంటి గృహప్రవేశం మధ్యలోంచి లేచి వచ్చాడు.

"అక్క టైముకి వచ్చేసింది బావగారూ. పాలు తూర్పుకే పొంగాయి," అన్నాడు దిగుతూనే. నేనేం అడగకముందే చెప్పాడు, అడగడానికి నాకు నోరు రాదని తెలిసినట్టు. "పురోహితుడు తొందరపెట్టాడు గానీ, మా అక్క వచ్చేదాకా పొయ్యి వెలిగించేది లేదని చెప్పాను."

తర్వాత సంచిలోంచి సీలు తియ్యని పెద్ద నీళ్ల సీసా తీసి నా చేతికిచ్చాడు. "ముందు మంచినీళ్లు తాగండి. ఎప్పట్నుంచి కూర్చున్నారో ఏంటో."

నేను తాగాను. తల పైకెత్తి, ఆగకుండా, సగం సీసా తాగాను. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే దోసిలి పట్టి మా పంపు దగ్గర వంగిన మనిషి కనిపించాడు. చేతులు కడుక్కోవడానికి పంపు చూపించలేదు నేను. తాగడానికే చూపించాను. నాకది ఆ రోజే తెలుసు.

అతను అప్పటికే బానెట్ ఎత్తాడు. మూత చుట్టూ ముద్దకట్టిన పసుపుని వేలితో తీసి చూసి, నా వైపు చూడకుండా, "ఎన్ని చెంచాలేశారేంటి?" అన్నాడు.

"ఎక్కువే వేశాను."

"సన్నటి గొట్టాలు కదండీ, పూడుకుపోయాయి." అంతే అన్నాడు. అక్క పొట్లం సంగతి చెప్పిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. పట్టుపంచె ఇంకా పైకి చెక్కి, అడుగు బిరడా విప్పి, తన సంచిలోని ఖాళీ డబ్బాతో కాలవ నీళ్లు తెచ్చి పోస్తూ, వదులుతూ, తెల్లగా వచ్చేదాకా కడిగాడు. బిరడా చేతిలోకి తీసుకుని, "దీనికి వాషరు ఉండాలండీ" అని తన సంచిలోంచి పాత సైకిల్ ట్యూబు ముక్క తీసి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిల్లు పొడిచి తగిలించాడు. అదంతా రెండు నిమిషాల పని. నేను ఒక రోజంతా, సగం పొట్లం పసుపు ఖర్చుపెట్టి చేయలేనిది. ఆఖర్న ఆకుపచ్చటి కూలెంట్ డబ్బా తీసి పోశాడు. అది పోస్తే సరిపోలేదు, కొంచెం నీళ్లు కావాలి. కాలవ వైపు చూడకుండా, నేను తాగగా మిగిలిన సీసా అందుకుని దాంట్లో పోసి మూత బిగించాడు.

అంతసేపూ నేను అనాలనుకున్న మాట నాలిక చివర ఉంది. క్షమాపణ అనేది విద్యార్థులతో చెప్పించుకోవడమే గానీ నాకు చెప్పడం అలవాటు లేదు. చివరికి ఇంకో మాట వచ్చింది.

"ఇకమీదట దీంట్లో ఏ నీళ్లు పొయ్యమంటావోయ్?"

అతను చేతులు దులుపుకుంటూ నా వైపు చూశాడు. ఆ ప్రశ్న నేను నిజంగానే అడుగుతున్నానో లేదో చూసుకుంటున్నట్టు చూశాడు.

"మీరు తాగుతారు చూడండి బావగారూ, ఆ నీళ్లు పొయ్యండి. చాలు."

కారు గురించే అన్నాడు. అతనికి వంకరగా మాట్లాడటం రాదు. అందుకే సూటిగా వచ్చి తగిలింది.

"ఆ రోజు నీకు పంపు చూపించాను. తప్పు చేశాను," అన్నాను.

అతను పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. "భోజనాలు మొదలైపోయుంటాయండీ. అక్క ఎదురుచూస్తుంటుంది, నడవండి" అన్నాడు. నేను కారులో, అతను ముందు మోటార్ సైకిల్ మీద, మాటిమాటికీ అద్దంలో నన్ను చూసుకుంటూ గుడివాడ దాకా తీసుకెళ్లాడు. కొత్త గడపకి పసుపు పల్చగా పూసి ఉంది. ఆ గడప నేను జాగ్రత్తగా దాటాను.

రెండు వారాల తర్వాత శనివారం సాయంత్రం అతను బందరు వచ్చాడు. పైపుల క్లిప్పులు ఓసారి చూడాలట. గేటు తీసుకుని లోపలికి వచ్చి బానెట్ ఎత్తాడు. ఓవర్సీరు గారు కుర్చీతో వచ్చి, "పసుపు పనిచేసింది కదండీ?" అని అడిగితే, "బాగా పనిచేసిందండీ" అని చెప్పాడు. క్లిప్పులు బిగించాక, నేనే లోపలికి వెళ్లి టిన్నులో మిగిలిన నీళ్లలోంచి ఒక చెంబు తెచ్చి రేడియేటర్ పక్కనున్న డబ్బాలో గీత దాకా పోశాను. మళ్లీ లోపలికి వెళ్లి, అడుగున ఉన్నవి వంపి గ్లాసుతో తెచ్చాను.

అతను గ్లాసు వైపు చూశాడు. పంపు దగ్గరికి వెళ్లి గ్రీజు చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి, గ్లాసు అందుకుని, అరుగు మీద కూర్చుని తాగాడు.

"ఇంకో గ్లాసు ఇవ్వండి బావగారూ," అన్నాడు.

టిన్ను తలకిందులు చేస్తే సరిగ్గా ఇంకో గ్లాసు వచ్చింది. అది కూడా తాగి, మా ఆవిడ పెట్టిన పకోడీలు తిని, చీకటి పడకముందే బయల్దేరాడు. మర్నాడు ఆదివారం, టిన్నులాయన రాడు. పొద్దున్నే మా ఆవిడ నా ముందు కాఫీ గ్లాసు పెట్టి ఎదురుగా కూర్చుంది. బోరు నీళ్లతో పెట్టింది. పాలు కాస్త విరిగాయి, ఉప్పగా ఉంది. ఆవిడ నా ముఖం వైపే చూస్తోంది. నేను చివరి గుక్క దాకా తాగాను.